ముసలి రోజీకి సంబంధం కుదిరింది

పోయిన వారం చింతకాయ తొక్కు సంగతి చెప్పుకున్నాం కదా. ఈ వారం వంటింట్లోంచి కాస్త బయటికొచ్చి ఒక సంబంధం కబురు చెబుతాను. పెళ్ళికూతురు మా అమ్మాయి కాదండోయ్, దానికింకా పదహారేళ్ళే. ఈ పెళ్ళికూతురి పేరు రోజీ. వయసు పదేళ్ళు. నల్లటి ఒళ్ళు, నెరిసిన మూతి, పొడుగాటి కాళ్ళు, నోట్లో పదకొండు పళ్ళు తక్కువ. ఒకప్పుడు పందేల్లో పరుగెత్తిన గ్రేహౌండ్ కుక్క.

గ్రేహౌండ్స్ అనగానే మన తెలుగువాళ్ళకు 1989లో పెట్టిన పోలీసు దళం గుర్తుకొస్తుంది. ఆ దళానికి పేరు ఈ జాతి కుక్కలదే. సన్నటి నడుము, లోతైన రొమ్ము, గంటకు అరవై, డెబ్బై కిలోమీటర్ల వేగం. మేముండే ఆస్ట్రేలియాలో ఈ కుక్కల పందేలు మామూలే. గుండ్రటి మైదానంలో యంత్రం మీద ఒక బొమ్మ ముందు పోతుంటుంది, కుక్కలు దాని వెనక పడతాయి, జనం డబ్బు కాస్తారు. నాలుగైదేళ్ళు వచ్చేసరికి కుక్క పని అయిపోతుంది. కానీ ఈ జాతి పన్నెండు, పద్నాలుగేళ్ళ దాకా బతుకుతుంది. మరి మిగతా ఏళ్ళన్నీ ఎక్కడుండాలి? అసలు కథంతా అక్కడే ఉంది.

2015లో ఇక్కడి టీవీలో ఒక కార్యక్రమం వచ్చింది. కొందరు బతికున్న చిన్న జంతువులను ఎరగా పెట్టి ఈ కుక్కలకు పరుగు నేర్పడం అందులో చూపించారు. దేశమంతా గగ్గోలు పుట్టింది. 2016లో న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వం పందేలు ఆపేస్తామని, ఆ ఏడాదిలోనే మాట వెనక్కి తీసుకుంది. రాజధాని కాన్‌బెర్రా ఉన్న ప్రాంతంలో మాత్రం 2018లో నిషేధించారు. అమెరికాలో ఫ్లోరిడా జనం అదే ఏడాది ఓటు వేసి మరీ వద్దన్నారు, 2020 ఆఖరుతో అక్కడ పందేలు ఆగాయి. 2024 డిసెంబరులో న్యూజిలాండ్ ప్రభుత్వం కూడా మూసేస్తామని చెప్పింది. పందేలు ఉన్నా, ఆగినా పని తీరిన కుక్కలకు ఇళ్ళు కావాలి. అందుకే ఇక్కడ వీటికి ఇళ్ళు వెతికే సంస్థలు చాలా ఉన్నాయి. ఇల్లు దొరికేదాకా కొన్నాళ్ళు సాకి పెట్టేవాళ్ళు ఆ సంస్థలకు కావాలి. తిండి, మందులు వాళ్ళే ఇస్తారు. చోటు, మనసు మనం ఇవ్వాలి.

అలా సాకే పనిలో మా పక్కింటావిడ ఉంది. కిందటేడు మే నెలాఖరున గోడ పక్కనించి పిలిచి, "ఒక ముసలి కుక్క వచ్చింది, ఎవరూ పెట్టుకోవడం లేదు, నువ్వు పగలంతా ఇంట్లోనే ఉంటావుగా" అంది. రోజీ పందేలు మానేశాక ఒక పెద్దావిడ దగ్గర ఐదేళ్ళు హాయిగా ఉందట. ఆవిడ నడవలేక వృద్ధాశ్రమానికి వెళ్ళింది. అక్కడ కుక్కల్ని రానివ్వరు. పదేళ్ళ వయసులో రోజీకి మళ్ళీ గూడు లేకుండా పోయింది.

నేను కుక్కను పెంచి ఎరగను. తెనాలిలో మా అత్తయ్యగారికి ఫోన్ చేసి చెబితే, "దేవుడి గది ఉన్న ఇంట్లో కుక్కను తిప్పుతావుటే?" అని కోప్పడ్డారు. మావారు "నెల రోజులేగా" అన్నారు. ఆ నెల రోజులు నాలుగు నెలలయ్యాయి.

వచ్చిన మొదటి రోజే మా వరండా అద్దం తలుపుకి ధడేల్మని తగిలింది. పెద్దావిడ ఇంట్లో అలాంటి తలుపు లేదట. అద్దం మీద కుక్క కళ్ళ ఎత్తులో రంగు కాగితాలు అంటించాను. నున్నటి నేల మీద దాని వెనక కాళ్ళు జారిపోయేవి. హాల్లోంచి వంటింటి దాకా పాత చాపలు, కాలిపట్టాలు దారిలా పరిచాను. ఈ జాతికి ఒంట్లో కొవ్వు తక్కువ, చర్మం పల్చన, చలికి ఆగలేవు. జూన్, జూలై మాకు చలికాలం. బయటికి తీసికెళితే కోటు తొడగాలి. పడుకోవడానికి మెత్తటి పక్క లేకపోతే మోచేతులు ఒరుసుకుపోతాయి. మా అమ్మ పాత చీరలతో కుట్టిచ్చిన బొంత ఒకటి అటక మీద ఉంటే దించి వేశాను. మూడు చుట్లు తిరిగి, నిట్టూర్చి, దాని మీద ఒరిగింది. ఇంక అదే దాని సామ్రాజ్యం. పందెం కుక్క కదా, ఎంత దూకుతుందో అని భయపడ్డాను. రోజుకి పదహారు గంటలు నిద్రే! పొద్దున పావుగంట, సాయంత్రం పావుగంట నడిపిస్తే చాలు. నడిపించేటప్పుడు మాత్రం తాడు వదలకూడదు. పిల్లి కనిపిస్తే పదేళ్ళ ముసలమ్మకు రెండేళ్ళ వయసొచ్చేస్తుంది.

ఇక్కడ విక్టోరియా రాష్ట్రంలో ఒకప్పుడు ఈ కుక్కల్ని బయటికి తీసికెళ్ళాలంటే మూతికి ఎడ్ల చిక్కం లాంటిది కట్టాలని చట్టం ఉండేది. ఇళ్ళలో పెంచుకునేవాటికి 2019 జనవరి 1 నుంచి ఆ అవసరం లేదు, తాడు మాత్రం ఉండాల్సిందే. చట్టం పోయినా జనంలో అనుమానం పోలేదు. ఎదురొచ్చినవాళ్ళు ఇప్పటికీ పక్కకి తప్పుకుంటారు.

ఆ అనుమానం నాకూ ఒక రాత్రి వచ్చింది. రోజీ బొంత మీద కళ్ళు తెరుచుకునే పడుకుంది. మెలకువగా ఉందనుకుని మా అమ్మాయి వెళ్ళి మెడ చుట్టూ చేతులు వేసింది. గుర్రుమని పళ్ళు చూపిస్తూ లేచింది. కరవలేదు. కానీ నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. తెల్లారగానే పక్కింటావిడ దగ్గరకెళ్ళి "తీసుకుపోండి" అన్నాను. ఆవిడ కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి చెప్పింది. వీటిలో చాలా కుక్కలు కళ్ళు తెరిచే నిద్రపోతాయట. చిన్నప్పట్నుంచీ గూళ్ళలో ఒంటరిగా పడుకోవడం అలవాటు, నిద్రలో ఎవరైనా తాకితే ఉలిక్కిపడతాయి. పేరు పెట్టి పిలిచి, తల ఎత్తి చూశాకే దగ్గరకెళ్ళాలి. ఆ రోజునుంచి మా ఇంట్లో అందరం "రోజీ, రోజీ" అంటూనే హాల్లోకి అడుగుపెట్టేవాళ్ళం. మళ్ళీ గుర్రుమనలేదు. అయినా చిన్నపిల్లలున్న ఇంటికి అది పనికిరాదని నాకు ఆ రాత్రే తెలిసిపోయింది.

పళ్ళ సంగతి కూడా చెప్పాలి. నోరు కంపు కొడుతుంటే డాక్టరు చూసి, పళ్ళు పాడయ్యాయి, తీసేయాలన్నాడు. ఈ జాతికి మత్తుమందు విషయంలో జాగ్రత్త కావాలి, కొన్ని రకాల మందులు ఒంట్లోంచి త్వరగా దిగవు. ముందు రక్తపరీక్ష చేసి, తగిన మందిచ్చి పదకొండు పళ్ళు తీశారు. తర్వాత పదిహేను రోజులు గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టిన తిండే. నొప్పి పోయేసరికి ముసలిదానికి ప్రాణం లేచొచ్చింది, తోక ఊపడం మొదలుపెట్టింది.

మన వంటిళ్ళలో కుక్క ఉంటే ఒక మాట. ఉల్లిపాయ, వెల్లుల్లి వాటికి విషంతో సమానం. సాంబారు అన్నం, కూర కలిపిన అన్నం పెట్టకండి. ద్రాక్ష, కిస్మిస్, చాక్లెట్ అస్సలు వద్దు. వరలక్ష్మీ వ్రతం నాడు పాయసం గిన్నె నాకబోతే చేతిలోంచి లాక్కున్నంత పని చేశాను. ఉడికిన కోడి ఎముకలు చీలి గొంతులో గుచ్చుకుంటాయి, అవీ వద్దు. పెరుగన్నం రెండు ముద్దలు మాత్రం మా రోజీ ఇష్టంగా తినేది.

ఇక సంబంధాలు. జూలైలో ఒక చిన్న వయసు జంట వచ్చారు. మంచివాళ్ళు, పెద్ద దొడ్డి, చుట్టూ ఎత్తైన కంచె. వాళ్ళకు మూడేళ్ళ బాబు. రోజీ వెళ్ళి ఆవిడ తొడకి ఆనుకుని నిలబడింది. ఇవి ఇష్టమైనవాళ్ళకు అలా ఆనుకుంటాయి. ఆవిడ కరిగిపోయింది, ఇవాళే తీసుకుపోతామంది. నా నోటి దాకా వచ్చింది, నిద్ర సంగతి చెప్పకుండా ఊరుకుందామా అని. మనవైపు పెళ్ళిచూపుల్లో చూస్తూనే ఉంటాం కదండీ, అమ్మాయికి ఉబ్బసం ఉన్నా, అబ్బాయికి తాగుడున్నా "పెళ్ళయితే సర్దుకుంటుంది" అని దాచేస్తారు. తర్వాత ఏడ్చేది ఎవరు? ఆ బాబు వచ్చి నిద్రలో దాని మీద పడితే? నేను మొత్తం చెప్పేశాను. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది, ఆయన బాబుని ఎత్తుకున్నాడు, థాంక్స్ చెప్పి వెళ్ళిపోయారు. మా అమ్మాయి రెండ్రోజులు నాతో మాట్లాడలేదు.

తర్వాత ఇంకో ముగ్గురు వచ్చారు. అందరిదీ ఒకటే ప్రశ్న, "పదేళ్ళా? ఇంకెన్నాళ్ళుంటుంది?" ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. రోజీ మాత్రం బొంత మీంచి తల ఎత్తి ఒకసారి చూసి మళ్ళీ పడుకునేది.

సెప్టెంబరులో ఒక పెద్ద జంట వచ్చారు. ఆయన రిటైరైన బస్సు డ్రైవరు. వాళ్ళ ముసలి కుక్క పోయి ఏడాదైంది. పిల్లి లేదు, మెట్లు లేవు, ఇంట్లో ఎప్పుడూ ఇద్దరిలో ఒకరుంటారు. నిద్ర సంగతి చెబితే ఆయన నవ్వి, "నన్ను నిద్రలో లేపినా గుర్రుమంటాను" అన్నాడు. ఇంతకంటే మంచి సంబంధం వస్తుందా? కానీ నా మనసు అప్పుడు రెండో వైపు తిరిగింది. రోజీని పంపబుద్ధి కాలేదు. "రాత్రి రెండు మూడుసార్లు లేస్తుంది, మందులకు బోలెడవుతుంది, ఒక్కోసారి తిండే ముట్టదు" అని లేనిపోనివి కలిపి చెప్పాను. వాళ్ళు ఆలోచించుకుంటామని వెళ్ళారు. మావారు అంతా విని, "రాత్రి లేచేది ఒక్కసారేగా. ఆ మందు నెలకొకటేగా. ఎందుకలా చెప్పావు?" అన్నారు. సిగ్గేసింది. లోపం దాచడం ఎంత తప్పో, లేని లోపం చెప్పి మంచి సంబంధం చెడగొట్టడం అంత తప్పే కదా!

మేమే ఉంచుకోవచ్చు కదా అని మీరడగొచ్చు. ఆ రాత్రి మావారూ నేనూ అదే మాట్లాడుకున్నాం. ప్రతి ఏడూ రెండు నెలలు ఇండియా వస్తాం. ఆ రెండు నెలలూ ముసలిది మళ్ళీ కొత్తచోట ఉండాలి. పైగా మా ఇల్లు నిండిపోతే, దాని వెనక వరసలో ఉన్న కుక్కకు చోటుండదు. నా ముచ్చట కోసం దాని సుఖం ఆపడం న్యాయం కాదనిపించింది. మర్నాడు నేనే ఆ ఇంటికి ఫోన్ చేసి, ఉన్నదున్నట్టు మళ్ళీ చెప్పి, క్షమించమన్నాను. ఆవిడ, "నువ్వలా ఎందుకన్నావో మాకప్పుడే తెలిసింది. మేము మళ్ళీ వద్దామనే అనుకుంటున్నాం" అంది.

వెంటనే పంపలేదు. ముందు వాళ్ళే రెండుసార్లు వచ్చి రోజీని నడిపించారు. తర్వాత మేం తీసికెళ్ళి ఒక పూట వాళ్ళింట్లో కూర్చున్నాం. ఆఖరున ఒక కాగితం మీద అన్నీ రాసిచ్చాను. ఏ వేళకు తిండి, ఎంత నానబెట్టాలి, ఏ మందు ఎప్పుడు, ఏం పెట్టకూడదు, పేరు పిలవకుండా తాకవద్దని. బొంత ఉతక్కుండా అలాగే ఇచ్చాను. కొత్తచోట తెలిసిన వాసన ఒకటుంటే కుక్కకు ధైర్యంగా ఉంటుంది. అమ్మ కుట్టిన బొంత ఇస్తున్నప్పుడు గొంతు పట్టేసింది, దాచను.

మొదటి రాత్రి రోజీ అన్నం తినలేదట. గుమ్మం దగ్గరే నిలబడిందట. నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు సాయంత్రం బొంత మీద పడుకుందని ఫోనొచ్చింది. మూడో వారం ఫోటో పంపారు. ఆయన కుర్చీలో నిద్రపోతున్నాడు, కింద మా అమ్మ బొంత మీద రోజీ నాలుగు కాళ్ళూ పైకి పెట్టి పడుకుంది. ఒళ్ళు మరిచి హాయిగా ఉన్నప్పుడే అవి అలా పడుకుంటాయి.

మీలో ఎవరైనా బదిలీ వచ్చిందనో, ఇల్లు మారుతున్నామనో పెంచిన కుక్కను ఇంకొకరికి ఇవ్వాల్సొస్తే నా మాట గుర్తుంచుకోండి. ముసలిదైనా సరే, ఉన్నదంతా చెప్పి ఇవ్వండి. చెబితే నలుగురు వెనక్కి పోతారు. అన్నీ విని తీసుకున్న ఐదోవాళ్ళే దాన్ని ఉంచుకుంటారు.

అన్నట్టు, దేవుడి గది ఉన్న ఇంట్లో కుక్కేమిటన్న మా అత్తయ్యగారు మొన్న ఫోన్లో నా క్షేమం కంటే ముందు ఏమడిగారో తెలుసా? "ముసలమ్మ అత్తారింట్లో కుదురుకుందా?" అని!