కోడలికి తావీజు, కుమారునికి దానిమ్మరసం

షేక్‌పేటలో మేము పాఠాలు చెప్పే మదరసాకు ఒకనాడు, అస్ర్ నమాజు ముగిసిన తరువాత, ఒక తల్లి తన కుమారుని వెంటబెట్టుకొని వచ్చింది. నికాహ్ జరిగి మూడేళ్లయినా కోడలి కడుపు పండలేదట. “మౌల్వీసాబ్, దానికొక తావీజు రాసివ్వండి” అన్నది. కోడలికి పరీక్షలన్నీ జరిగాయి; లోపమేమీ తేలలేదు. కుమారునికి ఒక్క పరీక్షయినా జరగలేదు. అతడు ఎదుట కూర్చోగానే సిగరెట్టు వాసన గుప్పుమన్నది.

రోజుకొక పెట్టె కాలుస్తాడట. విరుగుడుగా ఉదయం కలౌంజీ నూనె, రాత్రి దానిమ్మరసం పుచ్చుకుంటున్నానన్నాడు.

ఈ సంగతి రాయడానికి కొంత సంకోచించాము. అయితే ఇన్నేళ్లూ ఈ శీర్షికలో మేము సైతం కోడళ్లకే హితవులు చెప్పామన్నది నిజం.

ఆ యువకుని నమ్మకానికి కొంత ఆధారం లేకపోలేదు. పొగ శరీరంలో ఆక్సీకరణ ఒత్తిడిని పెంచుతుంది. వీర్యకణపు పొర త్వరగా చెడిపోయే కొవ్వుతో కూడినది. దానిని బాగుచేసుకునే శక్తి ఆ కణానికి బహుస్వల్పం. అందువల్లనే పొగత్రాగేవారిలో కణాల సంఖ్య, చలనం తగ్గుతాయి, లోపలి డి.ఎన్.ఎ. కూడా దెబ్బతింటుంది. జామ, ఉసిరిలలోని సి విటమిను, టమాటాలోని లైకోపీన్ ఈ ఆక్సీకరణను అడ్డుకునే గుణం గలవి. వంద గ్రాముల జామపండులో 200 మిల్లీగ్రాములకు పైగా సి విటమిను ఉన్నదని మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికలు చెబుతున్నాయి. బండిమీది జామకు ఖరీదైన దానిమ్మ ముందు తలవంచవలసిన పనిలేదు.

కాని పండు తిని పొగను కొనసాగిస్తే? సంతానలేమి గల పురుషులకు యాంటీఆక్సిడెంట్ మాత్రలిచ్చి అమెరికాలో జరిపిన ఒక పరిశోధన 2020లో వెలువడింది. మందులేని మాత్రలు మింగినవారికంటే వీరిలో మెరుగుదల కనబడలేదు. ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగత్రాగే పురుషులపై జరిపిన పరిశీలన ఫలితాలు 1994లో వచ్చాయి. క్యారెట్టులో ఉండే బీటా కెరోటిన్‌ను మాత్రలుగా తీసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సరు తగ్గకపోగా 18 శాతం పెరిగింది!

వీర్యకణం తయారుకావడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది. కనుక నేడు సిగరెట్టు మానినవారు ఫలితం కోసం మూడు నెలలైనా ఓపిక పట్టాలి. మానడం కష్టమైతే 1800112356 అనే ప్రభుత్వ ఉచిత నంబరుకు ఫోను చేయవచ్చు. ఇంట్లో కాల్చే పొగ భార్యకూ హానికరమే.

“బేటా, ముందు నీవు వీర్యపరీక్ష చేయించుకో” అన్నాము. తల్లి ముఖం చిన్నబోయింది. “మగపిల్లవాడికి పరీక్షా?” అన్నది. తావీజు రాయలేదు, ముగ్గురి కోసమూ దుఆ చేశాము.

మరుసటి జుమాకు అతడు ఒంటరిగా వచ్చాడు. అందరూ వెళ్లేదాకా ఆగి, ఆ పరీక్షకు ఏ డాక్టరు దగ్గరకు వెళ్లాలని మెల్లగా అడిగాడు.