పూరేకుంటే క్రేయాన్ ఎందుకు?

ఫాల్గుణం వెళ్లి చైత్రం వచ్చేసరికి నెల్లూరు తీరంలో వేపచెట్లు పూతమీద ఉంటాయి. మైపాడు ఒడ్డున, మేకగిట్టలా చీలిన ఆకుల తీగ ఇసుకంతా పాకి పొద్దున్నే ఊదారంగు పూలు విప్పుతుంది. పెరట్లో మందారం సరేసరి. సరిగ్గా ఆ రోజుల్లోనే చాలా బడుల్లో 'వసంతం' పేరుతో పిల్లలకు ట్యూలిప్ బొమ్మ జిరాక్సు ఇచ్చి, గీత దాటకుండా ఎర్ర క్రేయాన్ పూయమంటారు. ట్యూలిప్‌ని ఆ పిల్లలేం ఖర్మ, టీచరమ్మయినా చూసి ఉంటుందా అన్నది అనుమానమే.

ఆ కాగితం తీసి పక్కన పెట్టాలి.

ఎర్రమందార రేకును తెల్లకాగితం మీద గట్టిగా రుద్ది చూడండి. పడే మరక ఎర్రగా ఉండదు, ఊదాకీ నీలానికీ మధ్య ఎక్కడో ఉంటుంది. దాని మీద నిమ్మరసం చుక్క పడితే అక్కడికక్కడే గులాబీరంగుకు తిరుగుతుంది. వంటసోడా నీళ్లు తగిలిస్తే ఆకుపచ్చ వైపు మళ్లుతుంది. రేకులోని ఆంథోసయనిన్ పులుపుకు ఒకలా, క్షారానికి ఒకలా రంగు మారుస్తుంది. నాలుగేళ్ల పిల్లకు ఆ పేరుతో పనిలేదు, ఇంకో చుక్క వెయ్యనివ్వమని గొడవ చేస్తుంది, అంతే. శంఖుపూలు వేడినీళ్లలో నానబెట్టినా ఇదే తమాషా. గూడూరు, పొదలకూరు దగ్గర్లో ఉండగా నిమ్మకాయలకేం కరువు!

బంతిరేకుల్ని పాత పంచెగుడ్డ మడతలో పెట్టి గుండ్రాయితో దంచితే పసుపు అచ్చు దిగుతుంది.

పూలపని మనకేం కొత్త కాదు. సంక్రాంతికి గొబ్బెమ్మ నెత్తిన గుమ్మడిపువ్వు గుచ్చేదీ, ఉగాదికి వేపపువ్వు ఏరి తెచ్చేదీ చాలా ఇళ్లల్లో పిల్లలే. 3 నుంచి 8 ఏళ్ల పిల్లలకు ఆటలతో, చుట్టూ దొరికే వస్తువులతో నేర్పాలని 2022 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా చెప్పింది. 2023 ఫిబ్రవరిలో ఎన్‌సీఈఆర్‌టీ 'జాదుయీ పిటారా' పేరుతో ఆటవస్తువుల పెట్టె కూడా తెచ్చింది. మంచిదే. కానీ వేపచెట్టు కోసం ఏ పెట్టె వచ్చేదాకా ఆగాలి?

'అఆలు దిద్దించకుండా ఈ ఆటలేంటి?' అని తల్లిదండ్రులు అడగొచ్చు. బొటనవేలూ చూపుడువేలూ కలిపి రేకు తుంచడం, పలక మీద బలపం పట్టుకోవడానికి మంచి కసరత్తే. బట్టలకు మరకలవుతాయన్న ఫిర్యాదు మాత్రం న్యాయమైనదే, ఆ రోజుకు పాతచొక్కా వేసి పంపాలి.

ఒంటిపూట బడుల రోజుల్లో ఎండ ముదరకముందే పూలు ఏరుకోవచ్చు. ఒడ్డున పూలు మాత్రమే ఏరాలి, తీగ పీకకూడదు, ఇసుకదిబ్బ కొట్టుకుపోకుండా పట్టి ఉంచేది అదే. అన్నిటికన్నా ముందు, పిల్లల్ని తీసుకెళ్లబోయే దారి టీచరే ఒకసారి చూసి రావాలి. గన్నేరు, పచ్చగన్నేరు, ఉమ్మెత్త విషం. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం. మూడేళ్ల పిల్లలు దొరికినదల్లా నోట్లో పెట్టుకుంటారు కాబట్టి ఆ చెట్లున్న వైపు వెళ్లనే కూడదు, పని అయ్యాక అందరి చేతులూ సబ్బుతో కడిగించాలి.