షేరు లెక్క తేలింది, మనిషి లెక్కో?
2009 జనవరి 7న కంపెనీ లెక్కల్లో మోసం చేశానని ఒప్పుకుంటూ సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు రాసిన ఉత్తరం బయటపడగానే, దాదాపు 179 రూపాయలున్న షేరు సాయంత్రానికి 40 లోపుకి జారింది. ఆ కంపెనీని నమ్ముకున్న వేలాది మంది ఉద్యోగులు ఎంత జారారో ఏ టిక్కరూ చూపలేదు. కొలబద్ద లేకనా? 1979లోనే అమెరికా మానసిక వైద్యుడు మార్డీ హోరోవిట్జ్ బృందం పెద్ద దెబ్బ తిన్నవాళ్ల మనసును కొలిచే 15 అంశాల పట్టిక తయారుచేసింది: వద్దన్నా జరిగిన సంగతి మనసులో మెదులుతోందా, దాని ఊసే రాకుండా తప్పించుకుంటున్నారా అని. మన హెచ్ఆర్ వాళ్లు మాత్రం "సంతృప్తిగా ఉన్నారా, అయిదుకి ఎన్ని మార్కులు?" అంటారు, అదీ ఉద్యోగి నంబరు రాయించుకుని! నెత్తిన ఈఎంఐ ఉన్నవాడు నాలుగు వేయక ఏం చేస్తాడు? వెళ్లిపోయినవాళ్ల లెక్క ఎలాగూ ఉంటుంది. వెళ్లలేక మిగిలినవాళ్లకు నిద్ర పడుతోందో లేదో అడగాలి, ఆర్నెల్లు పోయాక మళ్లీ అడగాలి, అడిగేవాళ్లు ఆ కంపెనీ జీతగాళ్లు కాకూడదు.