అడగని ప్రశ్నకు మార్కులెన్ని?

వెన్నెముక వంకర పోయిన పెద్దవాళ్లకు ఆపరేషన్ చేశారనుకుందాం. అది సక్సెస్ అయిందో లేదో ఎవరు చెప్పాలి? ఎక్స్‌రేనా, డాక్టరా, పేషెంటా? ఇది మెడికల్ కాలేజీ వాళ్ల గొడవ, సీఎస్ఈ వాడికెందుకు అంటారేమో. దేన్ని కొలవాలి అనేది మన సబ్జెక్టు కూడా. తప్పు కొలత పెట్టుకుంటే మోడల్ ఎంత బాగా ట్రైన్ అయినా తప్పు దారిలోనే స్పీడుగా పోతుంది.

ముందు ఎక్స్‌రే సంగతి. వెన్నెముక పక్కకు ఎంత వంగిందో డిగ్రీల్లో కొలిచే పద్ధతిని 1948లో అమెరికా డాక్టర్ జాన్ కాబ్ చెప్పాడు. ఆ కాబ్ యాంగిల్ 10 డిగ్రీలు దాటితే స్కోలియోసిస్ అంటారు. ఎదిగే పిల్లల్లో వంకర పెరుగుతోందా, ఆగిందా అని తెలుసుకోడానికి ఈ నంబర్ చాలా అవసరం. పెద్దవాళ్ల కథ వేరు. వయసుతో డిస్కులు, కీళ్లు అరిగి వచ్చే వంకరలో, ఒకే డిగ్రీలున్న ఇద్దరిలో ఒకరు పొలం పనికి పోతుంటారు, ఇంకొకరు మంచం దిగలేకపోతారు. పెద్దవాళ్లను పక్క వంపు కంటే ఒళ్లు ముందుకు వాలిపోవడమే ఎక్కువ బాధపెడుతుందని 2005లో గ్లాస్‌మన్ బృందం చూపించింది. ఎదురుగా తీసిన ఎక్స్‌రేలో ఆ వాలు కనిపించదు, పక్క నుంచి తీయాల్సిందే.

అందుకే పేషెంటునే అడిగే ఫారాలు వచ్చాయి. 1980లో ఇంగ్లండ్‌లో వచ్చిన ఓస్వెస్ట్రీ ఫారంలో పది విభాగాలు ఉంటాయి: నొప్పి, నడక, కూర్చోవడం, నిలబడడం, నిద్ర, ప్రయాణం వగైరా. ఒక్కోదానికి 0 నుంచి 5. మొత్తం 50కి వచ్చినదాన్ని శాతం చేస్తారు. మన పరీక్షలకు రివర్స్, ఎక్కువ మార్కులంటే ఎక్కువ ఇబ్బంది. ఎస్ఆర్ఎస్-22 అని ఇంకోటుంది. దాని 22 ప్రశ్నల్లో నొప్పి, పనులతో పాటు తన రూపం గురించి తనకేమనిపిస్తోంది, మనసెలా ఉంది, ట్రీట్‌మెంట్‌తో తృప్తిగా ఉన్నారా అని కూడా అడుగుతారు. 1989లో కెనడా పరిశోధకులు ఇంకో మంచి మాట చెప్పారు: స్కోరు మారితే చాలదు, ఆ మార్పు పేషెంటుకు తెలిసొచ్చేంత ఉండాలి. ఓస్వెస్ట్రీలో రెండు పాయింట్లు తగ్గితే మనిషికి తేడా తెలియకపోవచ్చు. మామూలుగా 10 నుంచి 15 పాయింట్లయినా తగ్గాలంటారు.

ఇంతవరకూ నాకే అభ్యంతరమూ లేదు. నా పేచీ ప్రశ్నలతోనే.

పలమనేరు దగ్గర పల్లెలో ఉండే మా అవ్వకు ఇలాంటి ఫారం ఒకసారి నేనే చదివి వినిపించాను. ఇంగ్లిష్ మీడియం మనవడిని కదా, ట్రాన్స్‌లేషన్ డ్యూటీ నాదే. కూర్చోవడం గురించిన ప్రశ్న అంతా కుర్చీ లెక్కలో ఉంది. "కుర్చీ ఎవురికి రా? వచ్చినోళ్లకి ఏసేది గదా అది" అనింది. నడక ప్రశ్న మైళ్లలో ఉంది. ఆమెకు కావలసినవి మూడే మూడు. ఆవు దగ్గర కూచ్చోని పాలు పిండాల. దొడ్డికి పోయినాక ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేవాల. సాయంత్రం నలుగురితో మాట్లాడుకుంటా కింద కూచ్చోని చెనక్కాయలు ఒలవాల. ఆ ఫారంలో ఈ మూడింట్లో ఒక్కటి కూడా లేదు.

ఓస్వెస్ట్రీలో ఒక రూలుంది. దాంపత్య జీవితం గురించిన విభాగాన్ని చాలామంది ఖాళీగా వదిలేస్తారు. అప్పుడు 50 బదులు 45తో భాగించి శాతం కడతారు. ఖాళీ వదిలిన ప్రశ్నకు అలా ఒక లెక్క ఉంది. అసలు అడగని ప్రశ్నకు ఏ లెక్కా లేదు.

ఇది చిన్న విషయం కాదు. ఈ ఆపరేషన్‌లో రాడ్లు, స్క్రూలు వేసి వెన్నుపూసలను కలిపేస్తారు. నొప్పి తగ్గొచ్చు, మనిషి నిటారుగా నిలబడొచ్చు. కానీ కలిపిన చోట వెన్ను ఇక వంగదు. అది కటి ఎముక దాకా పోతే బాసింపట్టు వేయడం, గొంతు కూర్చోవడం కష్టమవుతాయి. కమోడ్, డైనింగ్ టేబుల్ ఉన్న ఇంట్లో ఎలాగో సర్దుకుంటారు. అవి లేని ఇంట్లో అది రోజూ తగిలే నష్టం. ఫారంలో మాత్రం ఇద్దరికీ ఒకే స్కోరు రావచ్చు. కొరియాలో కూడా నేల మీద కూర్చునే అలవాటుంది, అందుకే అక్కడి డాక్టర్లు ఈ సంగతిని విడిగా పట్టించుకున్నారు. మన దగ్గర నుంచి తిరుపతి బర్డ్‌కో, వేలూరు సీఎంసీకో పోయే పల్లె జనానికీ అదే కావాలి. వాళ్లలో ఒకరికి అలిపిరి నుంచి 3550 మెట్లెక్కి మొక్కు తీర్చుకోవడమే అసలు రిజల్ట్ కావచ్చు.

ఇంకో చిక్కుంది. మనోళ్లు డాక్టర్ ఎదురుగా నిజం చెప్పరు. "ఎట్లుంది?" అంటే "పర్వాలేదు సార్" అంటారు. అంత కష్టపడి చేసిన మనిషి ముందు బాగలేదనడం మర్యాద కాదని. లేదంటే పక్కనున్న కొడుకే జవాబు చెప్పేస్తాడు. ఆ "పర్వాలేదు" డేటా అయిపోతుంది.

దారి లేకపోలేదు. 1995లో కెనడాలోనే స్ట్రాట్‌ఫర్డ్, ఆయన సహచరులు ఒక సులువైన స్కేల్ ఇచ్చారు. చేయలేకపోతున్న ముఖ్యమైన పనులు కొన్నింటిని పేషెంటే చెప్పాలి. ఒక్కోదానికి 0 నుంచి 10 మధ్య మార్కు వేయాలి. ట్రీట్‌మెంట్ అయ్యాక అవే పనులకు మళ్లీ మార్కు వేయాలి. ప్రశ్నపత్రం పేషెంటుదే, దిద్దేదీ పేషెంటే.

ఒకరు పాలు పిండడం, ఇంకొకరు మెట్లెక్కడం అంటే రెంటినీ ఎలా పోలుస్తారు అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఏ ఆపరేషన్ మేలో తేల్చాలంటే అందరికీ ఒకే ఫారం కావాలి. స్క్రూలు సరిగా ఉన్నాయో లేదో ఎక్స్‌రేనే చెప్పాలి. అందుకే వాటిని తీసేయమనడం లేదు, పక్కన ఇంకో కాలమ్ పెట్టమంటున్నాను. ఆపరేషన్‌కు ముందే ఆ కాలమ్ నింపితే, ఏ పని తిరిగొస్తుంది, ఏది రాదు అని డాక్టర్, పేషెంటు ముందే మాట్లాడుకోవాల్సి వస్తుంది. నా లెక్కలో అసలు లాభం అదే.

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకు ఎక్స్‌రే చూసి కాబ్ యాంగిల్ చెప్పే మోడల్ చేద్దామనుకునే ఫ్రెండ్స్‌కు ఒక మాట. అది చేయండి, మంచిదే. దాంతోపాటు మన చిత్తూరు యాసలో గొంతుతో ప్రశ్న అడిగి, చదువు రానివాళ్ల జవాబును వాళ్ల మాటల్లోనే రాసుకునే చిన్న యాప్ కూడా చేయండి. అందులో మొదటి ప్రశ్న: "మీకు మళ్లీ ఏ పని చెయ్యాలనుంది?"