పూలమళ్ళలో నాటుకు ముందు కలుపు మందులు: సిఫారసుకు ముందు ఆలోచించవలసినవి

బతుకమ్మ, దసరా పండుగలకు పూలు చేతికి రావాలంటే బంతి నారును జూలై, ఆగస్టు నెలల్లో నాటవలసి ఉంటుంది. కలుపు పోటీకి పంట తట్టుకోలేని తొలి 30–40 రోజులు ఆ విధంగా వర్షాకాలం నడుమనే వస్తాయి. ముసురు పట్టిన రోజుల్లో నల్లరేగడిలో అడుగు పెట్టడం కష్టం. వాన తెరపి ఇచ్చేసరికి కలుపు పంటను మించి ఉంటుంది. అదే సమయంలో వరి నాట్లు, పత్తిలో కలుపు తీతలు ముమ్మరంగా సాగుతుండడం వల్ల కూలీలు దొరకరు. అందువల్ల నాటుకు ముందే మందు చల్లి నిశ్చింతగా ఉండాలని రైతు కోరుకోవడం సహజమే. అయితే పొలం పంటలకు ఇచ్చే సిఫారసును పూలమళ్ళకు యథాతథంగా బదలాయించడం శాస్త్రీయం కాదు.

మొదట తేల్చుకోవలసినది కలుపు స్వభావం. విత్తనం ద్వారా మొలిచే కలుపు ఒక సమస్య, దుంపలు లేదా కాండాల ద్వారా వ్యాపించే తుంగ, గరిక మరొక సమస్య. పెండిమిథాలిన్ మొలకెత్తే దశలో కణవిభజనను అడ్డుకుంటుంది. అప్పటికే మొలిచి ఉన్న కలుపుపైనా, దుంప నుండి లేచే తుంగపైనా దాని నుండి ఫలితం ఆశించరాదు. తుంగ దుంపల వరకు చేరగల గ్లైఫోసేట్ విషయంలో మరో అడ్డంకి ఉంది. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం దాని వాడకాన్ని అనుమతి పొందిన తెగుళ్ళ నియంత్రణ నిర్వాహకులకే పరిమితం చేసింది. లేబుల్ ప్రకారం కూడా అది తేయాకు తోటలకు, పంటలేని భూములకు ఉద్దేశించినది. కాబట్టి తుంగ ఉన్న మడికి వేసవి లోతు దుక్కి చేసి, దుంపలను ఎండకు ఆరనిచ్చి, పదేపదే ఏరివేయడమే మార్గం.

రెండవది వృక్ష కుటుంబం. బంతి, చేమంతి, వయ్యారిభామ, గడ్డిచేమంతి ఒకే కుటుంబానికి చెందినవి. పంటకు హాని చేయని మందు ఆ పంట బంధువైన కలుపును కూడా తరచుగా వదిలివేస్తుంది. ఏటా అదే మందు వాడితే గడ్డిజాతి కలుపు తగ్గి, ఖాళీ అయిన చోటును వయ్యారిభామ ఆక్రమిస్తుంది. తొలి ఏడాది ఫలితాన్ని మాత్రమే చూసి మందు గొప్పదని నిర్ణయించరాదు.

మూడవది మోతాదు. హెక్టారుకు ఒక కిలో క్రియాశీల పదార్థం అంటే 30 శాతం పెండిమిథాలిన్ సుమారు 3.3 లీటర్లు. హెక్టారుకు 500 లీటర్ల నీటి లెక్కన 100 చదరపు మీటర్ల మడికి 33 మి.లీ. మందు, 5 లీటర్ల నీరు చాలు. ఈ లెక్క ప్రకారం కలిపిన 16 లీటర్ల ట్యాంకు 320 చదరపు మీటర్లకు సరిపోతుంది. విస్తీర్ణం కొలవకుండా ఆ ట్యాంకు మొత్తాన్ని 100 చదరపు మీటర్లలోనే చల్లితే మోతాదు మూడింతలు దాటుతుంది. సేంద్రియ పదార్థం తక్కువగా ఉన్న చల్కా నేలల్లో అంతటి మోతాదు వేర్ల ఎదుగుదలను దెబ్బతీస్తుంది. రైతుకు నారు బతికినట్లే కనిపిస్తుంది, కాని పూత తగ్గినప్పుడు కారణం అంతుపట్టదు.

మందు నిలిచే పొర కూడా ముఖ్యమే. నేలపై పలుచని పొరలో మందు ఉండి, నారు వేర్లు దాని కింద ఉన్నప్పుడే పంటకు రక్షణ. మందు చల్లిన తరువాత మళ్ళు కట్టినా, బోదెలు ఎగదోసినా ఆ పొర చెదిరిపోతుంది. విత్తనం నేరుగా మందు పొరలో పడే నారుమడికి ఈ పద్ధతి పనికిరాదు.

లేబుల్ విషయం మరింత సున్నితమైనది. కలుపు మందులు 1968 నాటి పురుగుమందుల చట్టం పరిధిలోకి వస్తాయి. పెండిమిథాలిన్ లేబుల్‌పై గోధుమ, వరి, పత్తి, సోయాచిక్కుడు వంటి పంటలే కనిపిస్తాయి గాని బంతి, చేమంతుల పేర్లు కనిపించవు. పరిశోధనా క్షేత్రంలో మంచి ఫలితం రావడం వేరు, రైతుకు లిఖితపూర్వకంగా సిఫారసు చేయడం వేరు. లేబుల్ పేరు చెప్పి రైతును ఉత్త చేతులతో పంపడం బాధ్యత నుండి తప్పుకోవడమేనన్న వాదనలో న్యాయం ఉంది. అయితే దానికి సమాధానం చట్టాన్ని దాటడంలో లేదు, ఇప్పటికే అందుబాటులో ఉన్న మార్గాలను ముందుకు తేవడంలో ఉంది.

బంతి నారు 25–30 రోజులు నారుమడిలోనే ఉంటుంది. నారు పోసిన రోజే ప్రధాన మళ్ళను కూడా సిద్ధం చేసి తడి ఇస్తే, నాటేలోగా రెండు విడతల కలుపు మొలుస్తుంది. ప్రతి విడతనూ పైపైన గీకివేసి, నేలను లోతుగా కదపకుండా నాటితే విత్తన కలుపు భారం గణనీయంగా తగ్గుతుంది. బిందు సేద్యం ఉన్నచోట 25–30 మైక్రాన్ల ప్లాస్టిక్ మల్చింగ్ కూలీల అవసరాన్ని తగ్గిస్తుంది. వాడిన షీటును పొలంలో వదలకుండా తీసివేయవలసి ఉంటుంది.

పూల పంటల కలుపు మందులపై ప్రయోగాలు చేసే విద్యార్థులు కలుపు ఎండు బరువు, పూల దిగుబడితో ఆగిపోరాదు. వేర్లపై గాయం, కలుపు జాతుల్లో వచ్చే మార్పు, తరువాతి పంట మొలక శాతం కూడా నమోదు చేయాలి. లేబుల్ విస్తరణ కోరే రోజున అటువంటి సమాచారమే ఆధారంగా నిలుస్తుంది. అంతవరకు విస్తరణ శాస్త్రవేత్త రైతును ముందుగా అడగవలసినవి మూడు: మడిలో ఉన్న కలుపు ఏది, నేల ఏది, తరువాత వేయబోయే పంట ఏది. ఈ మూడింటికీ జవాబు తెలియకుండా మందు పేరు చెప్పడం సిఫారసు అనిపించుకోదు.