రాతిలోని ఆకు

మా తరగతి అలమారలో అరచేతి వెడల్పు గల నల్లని రాతిపలక యొకటి కలదు. దానిపై నాలుక ఆకారము గల ఒక ఆకు అచ్చు స్పష్టముగా పడియున్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున నేను ఉపాధ్యాయ శిక్షణ పొందుచుండిన దినములలో సింగరేణి బొగ్గుగనుల ప్రాంతమునకు వెళ్లగా, ఒక గని కార్మికుడు దానిని నాకు ఇచ్చెను. గత సంవత్సరము ఎనిమిదవ తరగతి బాలుడొకడు దానిని చేతబట్టుకొని, “అయ్యా, ఈ ఆకు ఏ ఊరిది?” అని అడిగెను.

అదే వారమున ఒక విద్యార్థి తండ్రి బడికి వచ్చి, “అయ్యవారూ, మంచుదేశముల రాళ్ల కథ మావానికెందుకు? అదియును తెలుగులో ఎందుకు? ఇంగ్లీషు బడిలో చేర్చెదననుకొనుచున్నాను” అనెను. ఆయన మాటలో ద్వేషము లేదు. బిడ్డ భవిష్యత్తును గూర్చిన భయము కలదు. ఆ బాలుని ప్రశ్నకును ఈ తండ్రి భయమునకును సమాధానము ఒక్కటేయని నా అభిప్రాయము. దానిని ఇచట విన్నవించుచున్నాను.

విద్యార్థులారా! వేసవిలో మన కణ్మాయి ఎండినపుడు పూడిక తీయుట మీరు చూచియుందురు. త్రవ్విన గుంట గోడను పరికింపుడు. ఒక పొర ఇసుక, ఒక పొర బంకమన్ను, మరల ఇసుక కనబడును. వరద వచ్చినపుడెల్ల నీరు తెచ్చిన మన్ను దిగి పొరగా ఏర్పడుచుండును. అడుగు పొర ముందు ఏర్పడినది, పై పొర తరువాత ఏర్పడినది. ఇట్టి పొరలు సముద్రములలోను, నదీలోయలలోను లక్షల సంవత్సరములు పేరుకొనగా, పైబరువుచే నీరు పిండబడి, రేణువులు ఒకదానికొకటి అతుకుకొని రాయి యగును. ఇసుక ఇసుకరాయి యగును. జలచరముల గుల్లలు సున్నపురాయి యగును. పూడిన అడవి బొగ్గు అగును. ఇవియే అవక్షేప శిలలు. అవక్షేపమనగా క్రిందికి దిగి నిలిచినది. చెరువు గుంటను చదువగలవాడు భూగోళ చరిత్రను చదువగలడు.

ఇక ఆకు సంగతి. గోదావరి లోయలో బొగ్గు పొరలకు అడుగున ఒక వింత పొర కలదు. అందు పెద్ద గుండ్లు, గులకరాళ్లు, మెత్తని మన్ను కలగలుపుగా నుండును. ప్రవహించు నీరు బరువును బట్టి వేరుచేసి పరచును గాని ఇట్లు కలిపి పోయదు. మెల్లగా జారు మంచునది, అనగా హిమానీనదము, అన్నిటిని ఒక్కటిగా మోసికొని వచ్చి, కరగిన చోట విడిచిపోవును. ఒడిశాలోని తాల్చేరు వద్ద ఇట్టి పొరను చూచిన బ్లాన్‌ఫర్డ్ సోదరులు, ఇది మంచు చేసిన పని కావచ్చునని 1856లోనే చెప్పిరి. ఎండలకు ప్రసిద్ధమైన గోదావరి సీమ సుమారు 30 కోట్ల సంవత్సరముల క్రిందట దక్షిణ ధ్రువమునకు చేరువగా, మంచు క్రింద నుండెను!

ఆ మంచు కరగిన పిమ్మట చల్లని చిత్తడి అడవులు పెరిగెను. ఆ అడవులలోని ముఖ్యమైన చెట్టు గ్లోసోప్టెరిస్. గ్రీకు భాషలో ‘గ్లోసా’ అనగా నాలుక. మా పలకపై నున్నది దాని ఆకే. ఆ అడవులు పూడి ఏర్పడిన బొగ్గునే 1871లో విలియం కింగ్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు ఎల్లందు ప్రాంతమున గుర్తించెను. 1912లో కెప్టెన్ స్కాట్ బృందము దక్షిణ ధ్రువము నుండి తిరిగి వచ్చుచు, ఆకలిచేతను చలిచేతను మరణించెను. కాళ్లు కదలని స్థితిలోను వారు తాము సేకరించిన సుమారు 16 కిలోల రాళ్లను పారవేయలేదు. ఆ రాళ్లలో ఈ గ్లోసోప్టెరిస్ ఆకు అచ్చులు కనబడెను. గోదావరి లోయలోని ఆకును అంటార్కిటికాలోని ఆకును ఒకే జాతి చెట్లవి. ఆ కాలమున ఆ రెండు భూములు ఒకే ఖండమున కలిసియుండెను.

ఉత్తర ధ్రువము వైపు చూచినచో కథ తలక్రిందులుగా నుండును. నార్వేకు ఉత్తరమున స్వాల్‌బార్డ్ అను ద్వీపసమూహము కలదు. అచట శీతకాలమున నెలల తరబడి సూర్యుడు ఉదయింపడు. అయినను అక్కడి కొండలలో సుమారు 40 కోట్ల సంవత్సరముల నాటి ఎర్రని ఇసుకరాళ్లును, సుమారు 38 కోట్ల సంవత్సరముల నాటి అడవి మొదళ్లును కలవు. ఆ అడవి పెరిగినపుడు ఆ భూమి భూమధ్యరేఖ చెంత నుండెను. ఆ ద్వీపములలోనే 1960లో శాస్త్రజ్ఞులు రాతిపై రాక్షసిబల్లుల అడుగుజాడలను చూచిరి. మంచుసీమ ఒకప్పుడు ఉష్ణసీమ. మన ఉష్ణసీమ ఒకప్పుడు మంచుసీమ. 2008లో భారతదేశము ఆ ద్వీపములలో ‘హిమాద్రి’ అను పరిశోధన కేంద్రమును నెలకొల్పెను. కావున అది మన పిల్లలకు పరాయి చోటు కాదు. రేపు వారిలో ఒకరు పనిచేయదగిన చోటు.

మన చెంతనే మాత్రము ఏమి తక్కువ? అరుప్పుకోట ప్రక్కన పందల్‌గుడిలో త్రవ్వు సున్నపురాయి, అతి ప్రాచీన కాలమున సముద్రపు అడుగున దిగిన సున్నమే. భూగర్భపు వేడిమికిని ఒత్తిడికిని లోనై చలువరాతివలె గట్టిపడినది. అరియలూరు ప్రాంతపు సున్నపురాళ్లలో దాదాపు 10 కోట్ల సంవత్సరముల నాటి సముద్రపు శంఖజాతి ప్రాణుల గుల్లలు దొరకును. అచటికి చేరువలోని సాత్తనూరులో 18 మీటర్ల పొడవు గల చెట్టు మొదలు రాయిగా మారి పడియున్నది. మన ఇంటి గోడలలోని సిమెంటు వెనుక ఒక సముద్రము కలదని ఎందరు పిల్లలెరుగుదురు?

తల్లిదండ్రులారా! ఇక భాషను గూర్చి. ఆ ప్రాచీన ఖండమునకు ప్రపంచమంతయు గోండ్వానా అని పేరు పెట్టినది. ఆదిలాబాదు మొదలు మధ్యభారతము వరకు నివసించు గోండుల పేరది. గోండుల భాష పెద్దది కాదు, అధికారము గలది కాదు. అయినను లండనులోను, టోక్యోలోను భూగర్భ శాస్త్రము చదువు ప్రతి విద్యార్థి ఆ మాటను పలుకక తప్పదు. చిన్న భాష కావున శాస్త్రమున చోటు లేదనువారికి ఇంతకంటె మంచి సమాధానము నాకు తెలియదు.

మన పూర్వులు కొన్ని శతాబ్దముల క్రిందట ఉత్తరము నుండి వచ్చి ఈ కరిసల్ నేలను సాగుచేసిరి. ఆ వలస కథను కోవిల్‌పట్టి చెంతనున్న ఇడైసేవల్ గ్రామపు తెలుగింటి బిడ్డయైన కి. రాజనారాయణన్ 1976లో ‘గోపల్ల గ్రామం’ నవలగా తమిళమున వ్రాసెను. ఇంట తెలుగు ఉండుట ఆయన తమిళమునకు అడ్డు రాలేదు. అట్లే తెలుగులో శాస్త్రము గ్రహించుట ఇంగ్లీషునకు అడ్డు కాదు. పై చదువులకు ఇంగ్లీషు కావలెను. అచట తెలుగు పుస్తకములు చాలవు. ఇది నేను కాదనను. కాని ‘సెడిమెంటరీ’ అను మాటను కంఠస్థము చేసిన బాలుని, అది ఎట్లు ఏర్పడునని అడిగినచో మౌనము వహించుట చూచితిని. చెరువు పూడికను తన మాటలలో చెప్పగలిగిన బాలుడు ఆ ఇంగ్లీషు మాటను ఒక్క దినములో నేర్చుకొనును. అర్థము ముందు, పేరు తరువాత. ఇదియే నా వాదము.

కావున ఒక చిన్న సూచన. ప్రతి తరగతిలో ఒక రాళ్ల పెట్టె నుంచుదము. ప్రతి విద్యార్థియు ఒక రాయి తెచ్చి, దొరకిన చోటు వ్రాసి, దానికి మూడు పేర్లు వ్రాయవలెను: ఇసుకరాయి, మణర్కల్, సాండ్‌స్టోన్; సున్నపురాయి, సుణ్ణాంబుక్కల్, లైమ్‌స్టోన్. దీనికి ధనము అక్కరలేదు. తల్లిదండ్రులు సాయంకాలము, “నేడు ఏ రాయి తెచ్చితివి? అది ఎట్లు పుట్టినది?” అని అడిగిన చాలును. బిడ్డ సమాధానము వినిన పిదప, బడి మార్చవలెనా వద్దా యని నిర్ణయించుకొనుడు.

ఆ బాలునికి నేనిచ్చిన సమాధానము ఇది: “నాయనా, ఆ ఆకు పుట్టినపుడు ఊళ్లు లేవు, దేశములు లేవు. అది నిలిచిన నేలయే కదలి ఇంత దూరము వచ్చినది. వచ్చినను తన అచ్చును పోగొట్టుకొనలేదు.” మరుసటి వారము అతడు పందల్‌గుడిలోని బంధువుల ఊరి నుండి ఒక తెల్లని సున్నపురాయి తెచ్చి అలమారలో ఆకు ప్రక్కన నుంచెను. మూడు పేర్లును వ్రాసెను. మా పెట్టెలో అదియే మొదటి రాయి. రెండవది తెచ్చువారెవరో చూతము.