మాట బిషప్‌ది... భారం విశ్వాసులది

ఎన్నికల వేళ మతాచార్యులు చేసే ప్రకటనల వల్ల ఏ పార్టీకి ఎన్ని ఓట్లు వస్తాయో, ఎన్ని పోతాయో లెక్కలు కట్టడం మన రాజకీయాలలో రివాజు. ఆ ప్రకటనల మూలంగా ఆ మతానికి చెందిన సామాన్యుడు ఇరుగుపొరుగు నుంచి ఏమి ఎదుర్కోవలసి వస్తుందన్న లెక్క మాత్రం ఎవరికీ పట్టదు. దేశంలోని కేథలిక్కు సామాన్య విశ్వాసులలో కొన్నేళ్లుగా గూడుకట్టుకుంటున్న అసంతృప్తికి మూలం ఇక్కడే ఉంది. ఒక బిషప్ అధికార పక్షాన్ని విమర్శించినా, మరొక బిషప్ అదే పక్షానికి చేరువైనా వారి ఫిర్యాదు ఒక్కటే: తమ పేరుతో మాట్లాడుతున్నవారు తమను ఒక్కమాటైనా అడగడం లేదన్నదే.

గాంధీనగర్ లేఖ

ఈ వివాదానికి గుజరాత్ స్పష్టమైన ఉదాహరణ. 2017 డిసెంబర్‌లో శాసనసభ ఎన్నికలు జరగనుండగా, నవంబర్ 21వ తేదీతో గాంధీనగర్ ఆర్చిబిషప్ థామస్ మెక్వాన్ ఒక లేఖ వెలువరించారు. దేశ ప్రజాస్వామిక, లౌకిక వ్యవస్థ ప్రమాదంలో పడిందని, మైనారిటీలు, వెనుకబడిన తరగతులవారు, పేదలు అభద్రతాభావానికి లోనవుతున్నారని, జాతీయవాద శక్తులు దేశాన్ని చేజిక్కించుకునే దశకు చేరాయని ఆయన అందులో ఆందోళన వ్యక్తం చేశారు. రాజ్యాంగానికి కట్టుబడి ఉండేవారు ఎన్నికయ్యేలా ప్రార్థనలు జరపాలని కోరారు. ఏ పార్టీ పేరునూ ఆయన ప్రస్తావించలేదు. అయితే ఆ మాటల గురి ఎవరిపైనో గ్రహించడం ఎవరికీ కష్టం కాలేదు.

జిల్లా ఎన్నికల అధికారి హోదాలో గాంధీనగర్ కలెక్టర్ ఆర్చిబిషప్‌కు నోటీసు జారీ చేశారు. ఎవరికీ మేలుగానీ కీడుగానీ చేయడం తమ ఉద్దేశం కాదని ఆయన వివరణ ఇచ్చారు. వివాదం అంతటితో సమసిపోలేదు. డిసెంబర్‌లో అహ్మదాబాద్ సభలో ప్రధాని నరేంద్ర మోదీ ఆర్చిబిషప్ పేరెత్తకుండానే ఆ లేఖను ప్రస్తావించారు. యెమెన్‌లో బందీ అయిన ఫాదర్ టామ్‌ను, ఆఫ్ఘనిస్థాన్‌లో అపహరణకు గురైన ఫాదర్ ప్రేమ్ కుమార్‌ను విడిపించడానికి, ఇరాక్‌లో చిక్కుకున్న కేరళ నర్సులను స్వదేశానికి చేర్చడానికి తమను నడిపించింది జాతీయభావమేనని గుర్తుచేశారు. ఒక మతాచార్యుని లేఖ ఆ విధంగా ఎన్నికల ప్రచారాంశంగా మారిపోయింది.

2011 జనాభా లెక్కల ప్రకారం గుజరాత్‌లో క్రైస్తవులు సుమారు 3.16 లక్షల మంది. రాష్ట్ర జనాభాలో వారి వాటా 0.52 శాతం, అంటే దాదాపు 200 మందికి ఒకరు. సూరత్ నగరాన్ని ఆనుకుని అరేబియా సముద్ర తీరాన ఉన్న డుమస్ వంటి చోట ఆ ఒక్కరి ఓటు ఫలితాన్ని తారుమారు చేయగలిగింది కాదు. పైగా సూరత్ ప్రాంతం వడోదర మేత్రాసనం పరిధిలోనిది. గాంధీనగర్ ఆర్చిబిషప్ ప్రత్యక్ష పాలన కిందకు అది రాదు. అయినా ఆ లేఖకు సంజాయిషీ చెప్పుకోవలసిన అగత్యం డుమస్ కేథలిక్కుకూ తప్పదు. మిల్లులో తోటి కార్మికుడికి, దుకాణంలో పక్కవారికి మేత్రాసనాల సరిహద్దులతో పని లేదు. వారి దృష్టిలో ఆ లేఖ 'మీ వాళ్లు' రాసినదే.

దక్షిణ గుజరాత్‌లో ఈ భయం ఊహాజనితమైనది కాదు. 1998 క్రిస్మస్ రోజులలో సూరత్‌కు తూర్పున ఉన్న డాంగ్స్ జిల్లాలో చర్చిలపై దాడులు జరిగాయి. 1999 జనవరిలో ఆ జిల్లాకు వెళ్లిన నాటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి మతమార్పిడులపై జాతీయ స్థాయిలో చర్చ జరగాలని పిలుపునిచ్చారు. దాడులకు గురైనవారు ఊరట కోసం ఎదురుచూస్తుండగా చర్చ వారి మతం మీదకే మళ్లింది. మతమార్పిడులను నియంత్రించే చట్టాన్ని రాష్ట్రం 2003లో తెచ్చి, 2021లో మరింత కఠినతరం చేసింది. ఇటువంటి పరిస్థితులలో బిషప్ మౌనం వహించాలని కోరడం న్యాయం కాదు. ఆయన మాటకు మూల్యం చెల్లించేవారిని సంప్రదించకుండా మాట్లాడడం కూడా న్యాయం కాదు. అసలు చిక్కు ఈ రెండింటి నడుమనే ఉంది.

విమర్శించినా, విందుకు వెళ్లినా

గాంధీనగర్ లేఖ వెలువడిన ఆరు నెలలకు, 2018 మే నెలలో ఢిల్లీ ఆర్చిబిషప్ అనిల్ కూటో కల్లోలిత రాజకీయ వాతావరణాన్ని ప్రస్తావిస్తూ, 2019 ఎన్నికలను దృష్టిలో ఉంచుకుని ప్రార్థనలు, శుక్రవారం ఉపవాసాలు పాటించాలని విచారణలకు లేఖ రాశారు. మళ్లీ అదే దుమారం రేగింది. ఈ రెండు లేఖలనూ చూసినవారికి విశ్వాసుల అభ్యంతరమల్లా ప్రభుత్వ విమర్శకే పరిమితమన్న అభిప్రాయం కలగవచ్చు. 2023 నాటి పరిణామాలు ఆ అభిప్రాయాన్ని పూర్వపక్షం చేశాయి.

ఆ ఏడాది మే 3న మణిపూర్‌లో మొదలైన హింసలో వందలాది చర్చిలు ధ్వంసమయ్యాయి. వేలాది మంది శిబిరాల పాలయ్యారు. అదే ఏడాది డిసెంబర్ 25న ప్రధాని తమ నివాసంలో ఇచ్చిన క్రిస్మస్ విందుకు బొంబాయి ఆర్చిబిషప్ కార్డినల్ ఆస్వాల్డ్ గ్రేషియస్ సహా పలువురు క్రైస్తవ ప్రముఖులు హాజరయ్యారు. దీనిపై వివిధ శాఖలకు చెందిన మూడు వేల మందికి పైగా క్రైస్తవులు నిరసన ప్రకటనపై సంతకాలు చేశారు. విందుకు వెళ్లినవారు తమ పేరుతో వెళ్లలేదన్నదే దాని సారాంశం. సంతకాలు చేసినవారిలో సామాన్య విశ్వాసులతో పాటు గురువులు, కన్యాస్త్రీలు సైతం ఉండడం గమనార్హం. ఒకచోట వైరం, మరొకచోట స్నేహం. రెండు సందర్భాలలోనూ నిర్ణయం పైనుంచి వచ్చినదే.

కేరళ లెక్క వేరు

గుజరాత్‌లో బిషప్ మాటకు ఓట్ల బలం లేదు. జనాభాలో క్రైస్తవులు 18 శాతానికి పైగా ఉన్న కేరళలో ఆ బలం ఉంది. 1959లో నంబూద్రిపాద్ ప్రభుత్వంపై సాగిన 'విమోచన సమరం'లో కేథలిక్కు మతాధిపతులు ముందు వరుసలో నిలిచారు. ఆ ఏడాది జూలై 31న ఆ ప్రభుత్వం బర్తరఫ్ అయింది. ఓటు బలం ఉన్నచోట ప్రలోభం బేరసారాల రూపం దాల్చుతుంది. 2023 మార్చిలో తలస్సేరి ఆర్చిబిషప్ జోసెఫ్ పాంప్లానీ రైతుల సభలో మాట్లాడుతూ, కేంద్రం రబ్బరు ధరను కిలోకు 300 రూపాయలు చేస్తే కేరళ నుంచి బీజేపీకి ఎంపీ లేని కొరత తీరుస్తామని ప్రకటించారు. రబ్బరు రైతుల గోడు నిజమైనదే. కాని ఆ రైతుల ఓటును బేరానికి పెట్టే అధికారం బిషప్‌కు ఎవరిచ్చారన్న ప్రశ్న వెంటనే తలెత్తింది. కేరళలో సాగిన బేరసారాల వార్త సూరత్‌లోని మలయాళీ కుటుంబానికి ఒక అర్థంలో, డాంగ్స్ గిరిజన విశ్వాసికి మరొక అర్థంలో చేరుతుంది. దేశంలోని కేథలిక్కులందరికీ ఒకే రాజకీయ ప్రయోజనం ఉందనుకోవడం ఎంత పొరపాటో దీనిని బట్టి తెలుస్తోంది.

రెండు చట్టాలు ఏమంటున్నాయి?

దేశ చట్టం, చర్చి చట్టం రెండూ ఈ విషయంలో హద్దులు గీశాయి. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 123వ సెక్షన్ ప్రకారం మతం పేరుతో ఓట్లు అడగడం ఎన్నికల అక్రమం. 2017 జనవరి 2న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 4-3 మెజారిటీతో ఈ నిషేధాన్ని ఓటరు మతానికి కూడా వర్తింపజేసింది. అయితే అభ్యర్థి, అతని ఏజెంటు లేదా వారి సమ్మతితో వ్యవహరించినవారికే ఆ సెక్షన్ వర్తిస్తుంది. ఎవరి తరఫునా కాక స్వతంత్రంగా లేఖ రాసే బిషప్‌ను అది నేరుగా తాకదు. ఎన్నికల ప్రవర్తనా నియమావళి మాత్రం ప్రార్థనా స్థలాలను ప్రచార వేదికలుగా వాడరాదని శాసిస్తోంది.

చర్చి సొంత చట్టం మరింత స్పష్టంగా ఉంది. రాజకీయ పార్టీలలో గురువులు క్రియాశీల పాత్ర వహించరాదని 1983 నాటి కానన్ చట్టంలోని 287వ నిబంధన చెబుతోంది. లౌకిక వ్యవహారాలలో పౌరులందరికీ ఉన్న స్వేచ్ఛ సామాన్య విశ్వాసులకూ ఉందని 227వ నిబంధన, తమ అభిప్రాయాన్ని మతాధికారులకు తెలియజేసే హక్కు, ఒక్కోసారి బాధ్యత కూడా వారికి ఉన్నాయని 212వ నిబంధన గుర్తిస్తున్నాయి. రెండవ వాటికన్ మహాసభ 1960 దశకంలో చెప్పిన మాట కూడా ఇదే. అంటే బిషప్ రాజకీయ వైఖరితో విభేదించే కేథలిక్కు తన విశ్వాసానికి ద్రోహం చేసినవాడు కాడు.

తెలుగునాట కోరుకునే గళం

బిషప్పులు అసలు రాజకీయాలు మాట్లాడరాదన్న వాదన తెలుగునాట చెల్లదు. ఇక్కడి కేథలిక్కులలో దళితులు అత్యధికులు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూలంగా క్రైస్తవం స్వీకరించిన దళితులకు ఎస్సీ హోదా దక్కడం లేదు. వారికి ఆ హోదా కల్పించాలని 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానించింది. 2022లో హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంథోనీ తొలి దళిత కార్డినల్ అయినప్పుడు దళిత క్రైస్తవులలో ఆశలు చిగురించడానికి ఈ నేపథ్యమే కారణం. ఈ ప్రశ్నపై తమ మతాధిపతులు గట్టిగా మాట్లాడాలనే విశ్వాసులు కోరుకుంటారు. ఇది కింది నుంచి పుట్టిన డిమాండు. హక్కుల కోసం ఎత్తే గొంతుకు, ఓట్ల కోసం కుదుర్చుకునే ఒప్పందానికి మధ్య గల తేడా ఇందులోనే ఉంది.

అడగడానికి వేదికలున్నాయి

విశ్వాసులను సంప్రదించే మార్గాలు కొత్తగా కనిపెట్టవలసిన అవసరం లేదు. గురువులతో పాటు ప్రధానంగా సామాన్య విశ్వాసులతో కూడిన పాలక మండలిని ప్రతి మేత్రాసనంలో ఏర్పాటు చేసుకోవడానికి కానన్ చట్టమే వీలు కల్పించింది. విచారణ స్థాయిలోనూ అటువంటి మండళ్లు ఉండవచ్చు. అయితే వాటిది సలహా ఇచ్చే అధికారమే గాని, నిర్ణయాధికారం కాదు. పోప్ ఫ్రాన్సిస్ 2021లో ప్రారంభించి, 2024 అక్టోబర్‌లో ముగించిన సినడ్ కూడా విశ్వాసుల మాట వినడాన్నే ప్రధాన లక్ష్యంగా చేసుకుంది. పండుగలకు, భవన నిర్మాణ చందాలకు ఈ మండళ్ల సలహా తీసుకునేవారు ఎన్నికల లేఖకు ముందు తీసుకోకపోవడానికి సమంజసమైన కారణం కనబడదు.

అలా సంప్రదించినంత మాత్రాన భిన్నాభిప్రాయాలు తొలగిపోవు. గాంధీనగర్ లేఖను సమర్థించేవారూ, వ్యతిరేకించేవారూ అప్పుడు కూడా ఉంటారు. కాని దాడులను, వివక్షను ఖండించే మాటకు కనీసం దాని పర్యవసానాలను భరించేవారి సమ్మతి తోడవుతుంది. సమ్మతితో పలికిన కఠిన వాక్యానికి ఉండే బలం ఏకపక్షంగా రాసిన వంద లేఖలకు ఉండదు. 200 మందిలో ఒక్కడిగా బతుకుతున్న విశ్వాసి తన బిషప్ నుంచి ఆశిస్తున్నది మౌనం కాదు, మాట్లాడే ముందు ఒక్క సంప్రదింపు మాత్రమే.